మార్పుకు ఊపిరాడటం లేదు

తొలకరి పడి బోదెల్లో కొత్తనీరు పారితే చాలు, మార్పు చేపలు ఎదురెక్కేవి. కాలువ దాటి గట్టెక్కి, తడిగడ్డి మీద ముందు రెక్కల ముళ్లు ఊనుకుంటూ వరిచేల్లోకి పాకేవి. పొద్దున్నే పొలానికి పోయిన పిల్లలు బుట్టలకెత్తుకొచ్చేవారు. ఒడుపు తెలియనివాడి చేతిలో ముల్లు దిగితే సాయంత్రం దాకా సలుపే. ఒళ్లంతా జిగురు, పొలుసన్నది లేదు, నాలుగు జతల మీసాలు. చూడ్డానికి ఏమంత బాగుండదు గానీ పులుసులో దానికి సాటి లేదు. కొర్రమీను అభిమానులు క్షమించాలి.

శాస్త్రజ్ఞులు క్లారియస్ మాగుర్ అనే ఈ చేప ఇప్పుడు అంతరించే ముప్పున్న జాతుల ఎర్రజాబితాలో ఉంది. నిజానికి ఇది తేలిగ్గా చచ్చే రకం కాదు. మొప్పల పైన చెట్టుకొమ్మల్లా చీలిన అవయవంతో నేరుగా గాలి పీలుస్తుంది. చెరువెండితే బురదలో దూరి వానకోసం కాచుకుంటుంది. సంతలో నీళ్లు లేని గంపలో గంటలకొద్దీ కదులుతూనే ఉంటుంది.

పెద్దచేపకున్న ఈ వసతి గుడ్డుకు లేదు. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లకూ లేదు. ఆ కొమ్మలు మొలిచేదాకా దానికి నీటిలోని ప్రాణవాయువే దిక్కు. తల్లి గుడ్లు పెట్టేదేమో వానాకాలంలో, గట్ల వెంట లోతులేని గుంటల్లో. చేలకు మందు కొట్టే రోజులూ అవే. ఇక కొల్లేరు సంగతి సరేసరి. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన ఆ సరస్సులోకే పట్టణాల మురుగూ, పొలాల మందులూ, చేపల చెరువులు వదిలిన నీరూ చేరతాయి.

ఇది చాలదన్నట్టు 1990లలో బంగ్లాదేశ్ మీదుగా ఓ దాయాది దిగింది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. ఇదీ గాలి పీలుస్తుంది, గట్టెక్కుతుంది. మన మార్పు అరకిలో తూగితే గొప్ప. ఇది నెలల్లోనే కిలో దాటుతుంది, వదిలేస్తే నాలుగడుగులు మించి పెరుగుతుంది. చేపపిల్లలు, కప్పలు, గుడ్లు, ఏదీ కాదనదు. పెంపకం నిషిద్ధం. అయినా కోళ్ల వ్యర్థాలు మేపి చాటుగా పెంచుతూనే ఉన్నారు. అధికారులు వాటిని గోతిలో పూడ్పించే ఫొటోలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. వరదకు గట్టు తెగి కాలువలో కలిసినవాటికి మాత్రం ఫొటో ఉండదు.

పోనీ మార్పునే పెంచుదామంటే మరో చిక్కు. మగ బొచ్చెకు పొట్ట నొక్కితే పాలు వస్తాయి. మగ మార్పు అలా ఇవ్వదు. దాని పొట్ట కోసి, వృషణాలు తీసి నలిపి, ఆ ద్రవాన్ని గుడ్లపై కలపాలి. హేచరీలో పిల్లలు పుట్టాలంటే తండ్రి చావాల్సిందే. అంతా చేసి ఏడాది మేపినా పావుకిలోకి అటూ ఇటూ. పక్క చెరువులో దాయాది కోడిపేగులు తింటూ ఈపాటికి రెండో కాపుకొచ్చి ఉంటుంది. కౌలు కట్టేవాడికి ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు.