మహానంది నీరు, నల్లమల చెట్టు

నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల పడమటి పాదమున మహానంది క్షేత్రము కలదు. మునుపు కర్నూలు జిల్లాలోనిదైన ఈ చోటు 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. ఇచ్చటి కోనేటిలో నీరు నిరంతరము ఊరుచుండును. అడుగున పడిన నాణెము సైతము పైకి స్పష్టముగా కనుపించును. కోనేటిని దాటిన నీరు కాలువలవెంట సాగి అరటితోటలను తడుపును. వానకొరకు ఆకాశమువంక చూచుటయే అలవాటైన రాయలసీమలో ఈ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది?

భక్తులకు ఇది స్వామి ప్రసాదము. ఆ ప్రసాదము మనకు అందు త్రోవ ఎట్టిదో విచారింతము.

ఒక హెక్టారు నేలపై ఒక్క సెంటీమీటరు వాన కురిసిన, అది లక్ష లీటర్ల నీరగును. బోడికొండపై కురిసిన చినుకు మన్నును బలముగా కొట్టి, నేల రంధ్రములను పూడ్చివేయును. అంతట నీరు లోని కింకక, మట్టిని వెంటగొని, వాగులై పరుగెత్తును. చెట్లున్న కొండపై కథ వేరు. ఆకులు, కొమ్మలు చినుకు వేగమును తగ్గించును. రాలిన ఆకుల పొర నీటిని కొంతసేపు పట్టి యుంచును. వేళ్లు చేసిన సందులగుండ, పురుగులు తొలిచిన బొరియలగుండ అది మెల్లగా లోని కింకును. నల్లమల గట్టిరాళ్ల పగుళ్లలో దిగిన నీరు కొండ పాదమున ఊటయై వెలువడును. నేల లోతున వేడిమి ఋతువులతో అంతగా మారదు గనుకనే ఊటనీరు వేసవిలో చల్లగాను, చలికాలమున వెచ్చగాను తోచును.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. చెట్టు నీటిని సృష్టింపదు, తానును త్రాగును. మెట్టనేలలో దప్పికగొన్న చెట్లను దట్టముగా నాటినచో బావులకే లోటు కలుగవచ్చును. కాని నల్లమల అడవికి తనదైన పొదుపు కలదు. టేకు, చిరుమాను, తునికి మొదలగు చెట్లు ఎండలు ముదురకముందే ఆకు రాల్చి, తమ నీటి ఖర్చును తగ్గించుకొనును. ఆ రాలిన ఆకే తొలకరి వానకు పరచిన చాప.

అందుచేత కొండకు గొడ్డలి యెంత శత్రువో, వేసవి నిప్పును అంత శత్రువు. మంట పైపైన పోయినచో పెద్దచెట్లు నిలిచియే యుండవచ్చును. చూచువారికి అడవి చెడినట్లు తోచదు. అయితే ఆకుపొర బూడిదయగును, లేతమొక్కలు మాడిపోవును, తొలివాన మట్టిని కడిగివేయును. నంద్యాలనుండి గిద్దలూరునకు పోవు ఘాటు రోడ్డులో ఆర్పక పారవేసిన బీడీముక్క, కొండ క్రింది రైతు సొమ్మును కాల్చినట్లే.

అడవి ఇచ్చునది నీరొక్కటియే కాదు. నల్లమలలోని చెంచులకు తేనె, ఉసిరి, సారపప్పు దానివలననే లభించును. తునికాకు ఏరుటవలన వేసవిలో కూలి దొరకును. ఆకులు విడుచు నీటియావిరి చుట్టుగాలిని చల్లబరచును. కాబట్టియే రేకుల పందిరి నీడకన్న వేపచెట్టు నీడ హాయి.

ఈ సంబంధమును గుర్తించియే 2002లో మన రాష్ట్రమున చేసిన చట్టమునకు నీరు, భూమి, చెట్లు అను మూటిని జోడించి పేరు పెట్టిరి. అంతకు పూర్వమే, 1950లో, శ్రీ కె. ఎం. మున్షీ దేశమంతట వనమహోత్సవమును ప్రారంభించిరి. అయితే నాటిన మొక్కల లెక్కకన్న బ్రతికిన మొక్కల లెక్క ముఖ్యము. మా శ్రోతలలో పెరడు గలవారు వేపనో, కానుగనో, చింతనో ఒక్కదానిని ఎన్నుకొనుడు. తొలకరిలో నాటి, చుట్టును కంప కట్టి, మొదటి రెండు మూడు వేసవులు నీరు పోసి కాపాడుడు. తరువాత అది తన్ను తానే పోషించుకొనును.

శివరాత్రికి మహానంది పోయి కోనేట మునుగువారు, స్నానానంతరము ఒకమారు తూర్పున నున్న కొండవంక చూతురు గాక. మనము మునిగిన నీరు ఆ చెట్లక్రిందుగా దిగి వచ్చినదే.