సిరివంచ సరిహద్దు విద్యార్థియు స్పానిషు భాషాధ్యయనమును

ప్రాణహితానది గోదావరిలో కలియు తావునకు కొంచెము ఎగువగా, ఎడమగట్టున సిరివంచ పట్టణమున్నది. ఆవలిగట్టు తెలంగాణము. 1860లో నిజామునుండి ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చిన ఈ సీమ తొలుత ఎగువ గోదావరి మండలమునకు, 1874 తరువాత చాందా మండలమునకు, 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు చెందినది; 1982లో క్రొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలో చేరినది. పాలనలు ఇన్నిమార్లు మారినను ఇండ్లలోని తెలుగు మారలేదు. ఇంట తెలుగు, కచేరీలో మరాఠీ, అడవిపల్లెలలో గోండి, మాడియా. ఇచటి పిల్లలు ఈ భాషల నడుమ పుట్టి పెరుగుచున్నారు.

ఇచట తెలుగు బోధించు మావంటివారిని తలిదండ్రులు తరచు అడుగు ప్రశ్న యొకటి కలదు: "సార్, ఈ తెలుగు చదివి మా పిల్లలు ఎక్కడికి పోగలరు?" ప్రశ్న న్యాయమైనదే. రాష్ట్రభాష మరాఠీ, ఉన్నతవిద్య చాలవరకు ఇంగ్లీషు. కనుక తెలుగు అదనపు బరువని తలచి పిల్లలను మాన్పించువారును కలరు. ఈ ప్రశ్నకు పలువిధముల సమాధానము చెప్పవచ్చును. మనవారు అంతగా తలపెట్టని ఒక మార్గమును మాత్రము ఈ వ్యాసమున పరిశీలింతము. అది విశ్వవిద్యాలయమున స్పానిషు భాషను, ఆ భాష మాట్లాడు జాతుల సంస్కృతిని అభ్యసించుట. ఆ చదువునకు మన పిల్లల తెలుగు, మరాఠీలు ఆటంకములు కావనియు, అవియే మూలధనమనియు నా ప్రతిపాదనము.

స్పానిషు ఒక్క స్పెయిను దేశపు భాష కాదు. మెక్సికో మొదలు అర్జెంటీనా వరకు గల పెక్కు దేశములలోను, ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీలోను కలిపి 20 దేశములలో అది అధికారభాష. దానిని మాతృభాషగా గలవారు 50 కోట్లకు చేరువగా ఉన్నారు.

ఈ చదువు మనకు అందనిదియు కాదు. హైదరాబాదులో 1958లో స్థాపితమైన కేంద్రీయ ఆంగ్లభాషా సంస్థ, 1972లో విదేశీభాషలను గూడ తన పేరున చేర్చుకొని, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైనది. అచట స్పానిషు ప్రధానవిషయముగా బి.ఏ. చదువవచ్చును. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున బి.ఏ., ఎం.ఏ.లు రెండును కలవు. స్పెయిను ప్రభుత్వము 1991లో నెలకొల్పిన సెర్వాంతెస్ సంస్థకు ఢిల్లీలో శాఖ యున్నది. అది ఆరు మెట్లుగా భాషాపరీక్షలు జరుపును. బి.ఏ.లో బోధన అక్షరములనుండియే ఆరంభమగును. ముందు ఉచ్చారణ, వ్యాకరణము, సంభాషణము. పిదప సాహిత్యము, చరిత్ర, అనువాదము.

ఇక మన భాష ఇందు ఎట్లు తోడ్పడునో చూతము. స్పానిషు అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ అను అయిదే. వాని ఉచ్చారణ ఇంగ్లీషులో వలె మాటమాటకు మారదు. అందలి క, త, ప లు మన క, త, ప లకు మిక్కిలి దగ్గర. ఇంగ్లీషువలె "టొమాటో" అనక స్పానిషువారు "తొమాతె" అందురు. మన వర్ణమాలలో ఉండియు విడిగా వాడుకలో లేని ఞకారమునకు సాటియైన ధ్వనికి అందు ప్రత్యేకాక్షరమున్నది. మనము నేడు పలుకుటలో విడిచిన శకటరేఫమువంటి భేదము గూడ కలదు: "పెరొ" అనగా కాని, "పెర్రొ" అనగా కుక్క.

వ్యాకరణమున పోలిక ఇంకను స్పష్టము. "మాట్లాడుచున్నాను" అన్నచో "నేను" అని వేరుగా చెప్పనక్కరలేదు. క్రియయే కర్తను తెలుపును. స్పానిషు "అబ్లొ" యును అట్టిదే. "నేను పుస్తకమును ఇష్టపడుచున్నాను" అను వాక్యము మనకు కృతకముగా తోచును. "నాకు పుస్తకము నచ్చినది, పుస్తకములు నచ్చినవి" అందుము. స్పానిషులో "మె గుస్త" అను ప్రయోగము సరిగా ఇదే. నచ్చిన వస్తువును బట్టియే క్రియకు వచనము. మరాఠీలో "మలా ఆవడతే" అనుటయు ఇట్టిదే. "నీవు, మీరు" అను మర్యాదాభేదమునకు "తు, ఉస్తెద్" అను జంట కలదు.

కష్టములును చెప్పవలయును. తెలుగున జడపదార్థములకు స్త్రీపుంలింగభేదము లేదు. స్పానిషులో ప్రతి నామమునకును కలదు. ఇచట మన పిల్లల మరాఠీ సాయపడును. వస్తువునకు లింగముండుట వారికి వింత కాదు. అయితే మరాఠీలో నది స్త్రీలింగము, స్పానిషులో "రియొ" పుంలింగము. కావున అభ్యాసము తప్పదు. "ఉండుట"కు రెండు వేరు క్రియలు, విభక్తులకు బదులు నామమునకు ముందు నిలుచు అవ్యయములు, సందేహమును కోరికను తెలుపు ప్రత్యేక క్రియారూపములు. వీనికి ఓర్పు కావలయును.

భాషతోపాటు సంస్కృతి యనగా నేమి? స్పానిషు తొలి వ్యాకరణమును నెబ్రిహా 1492లో ప్రకటించెను. కొలంబసు అమెరికా చేరినదియు ఆ యేడే. పిమ్మట ఆ భాష సామ్రాజ్యముతో సముద్రము దాటి, అచటి ప్రజల భాషలను అణచెను. అయినను అవి చావలేదు. పెరూ దేశము 1975లో కెచువా భాషను అధికారభాషగా గుర్తించెను. పరాగ్వే 1992 నాటి రాజ్యాంగమున గ్వారనీకి స్పానిషుతో సమాన స్థానమిచ్చెను. మన "మనము, మేము" అను భేదము స్పానిషునకు లేదు. కెచువాకును గ్వారనీకిని కలదు. రాష్ట్రభాష, ఇంటిభాష, అడవిభాష అను మూడింటి నడుమ పెరిగిన సిరివంచ పిల్లలు పరాగ్వే పల్లె జీవితమును పుస్తకము లేకయే కొంత ఊహింపగలరు. గోండి ఇంకను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునకు ఎక్కలేదు. ఇతరదేశముల అనుభవము ఆ విషయమునను మనకు పాఠమే.

మాటల రాకపోకలును గమనింపదగినవి. మన నారింజకు బంధువైన "నరంఖ" ఫారసీ, అరబ్బీల మీదుగా స్పెయిను చేరినది. ప్రాణహిత ఒడ్డున పండు మిరప అమెరికా ఖండపు పంట.

ఈ చదువువలన ఫలమేమి? అనువాదము, బోధన, పర్యాటకము, విదేశములతో వ్యవహరించు సంస్థలలో పని, ఇవి జీవనోపాయములు. సాహిత్యమునకు వేరొక లాభము కలదు. సెర్వాంతెస్ రచించిన "దోన్ కిహోతె" (1605, 1615) భాగములను 1930ల దశకమున కాశ్మీరపండితులు సంస్కృతమున అనువదించిరి. కాని వారికి ఆధారము ఇంగ్లీషు ప్రతియే. మూలమునుండి నేరుగా తెలుగు చేయగలవారు ఎందరు పెరిగిన అంత మేలు. అందులకు స్పానిషు మాత్రము చాలదు. చక్కని తెలుగును కావలయును.

దారి సులభమని చెప్పను. ప్రవేశపరీక్షకు ఇంగ్లీషు కావలయును. నగరవాసపు వ్యయము కలదు. పేదకుటుంబమునకు విద్యార్థివేతనపు వివరము సకాలమున తెలియవలయును. ఆ వివరములను పదవ తరగతిలోనే పిల్లలకు అందించుట సంఘములు చేయదగిన పని. అంతకు ముందుగా తలిదండ్రులు చేయదగిన పని యొకటి కలదు. మరాఠీని గౌరవించి నేర్పింపుడు, ఇంగ్లీషును శ్రద్ధగా నేర్పింపుడు. కాని వాని కొరకై తెలుగు తరగతిని మాన్పింపకుడు. ఒక భాషను లోతుగా ఎరిగిన పిల్లలకు ఇంకొక భాషను పోల్చి చూచుకొనుటకు ఆధారముండును. ఆ ఆధారము బడిలో ఏర్పడవలసినదే గాని విశ్వవిద్యాలయము చేరిన పిదప సంపాదించుట కష్టము.