‘ఆయ్’ అన్నది నేనా, నా రీలా?

మా పెదనాన్న పోయిన రోజు సంగతి ఇది. రావులపాలెం దగ్గర మా ఊరు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు నన్ను పిలిచి, ‘ఆఖర్లో పక్కనే ఉన్నావంట కదరా, నిన్ను గుర్తుపట్టాడా?’ అని అడిగారు. గొంతు పూడుకుపోయి, ‘ఆయ్’ అన్నాను. అంతే. వెనకాల నిలబడ్డ కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. ఒకడైతే ‘సేమ్ రీల్‌లో అన్నట్టే అన్నాడ్రా’ అన్నాడు.

వాళ్లను తిట్టలేను. ఆ మాటకి నవ్వాలని నేర్పింది నేనే.

రాజమండ్రిలో డిగ్రీ చదివేటప్పుడు మొదలైంది ఈ పిచ్చి. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించారు. జులైలోనే ఇన్‌స్టాలో రీల్స్ వచ్చేశాయి. నేను మొదట పుష్కర ఘాట్ నుంచి గోదారి మీద సూర్యాస్తమయం తీసి పెట్టా. నలభై వ్యూస్ దాటలేదు. తర్వాత ఓ రోజు సరదాగా, కొత్తల్లుడికి వడ్డించే అత్తగారిలా ‘ఆయ్, ఇంకో రెండు గారెలేసుకోండి బాబూ, మొహమాటపడిపోకండి’ అని సాగదీశా. తెల్లారేసరికి లక్ష దాటింది!

ఇంకేముంది, తర్వాతి రీల్‌లో రెండు ఆయ్‌లు, ఆపై నాలుగు. తగ్గిస్తే వ్యూస్ కూడా తగ్గేవి. ‘గోదారోళ్లంటే ఇలాగే ఉండాలి బ్రో’ అని కామెంట్లు. నాకు తెలీకుండానే బస్టాండులో, క్యాంటీన్‌లో కూడా అదే గొంతు. ఎదుటివాడు నవ్వకపోతే ఏదో వెలితిగా ఉండేది.

నిజానికి మా ఇంట్లో ‘ఆయ్’ జోకు కాదండీ. పెద్దవాళ్లు పిలిచినప్పుడు, చెప్పింది ఒప్పుకున్నప్పుడు గౌరవంగా పలికే మాట. ‘అలాగేనండీ’ లాంటిదన్నమాట.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ హోర్టన్ కూలీ 1902లోనే ఈ సంగతి రాశాడు. ఎదుటివాళ్లకి మనం ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుంటాం, వాళ్లేమనుకుంటున్నారో ఊహించుకుంటాం, దాన్నిబట్టి గర్వపడతాం లేదా సిగ్గుపడతాం. అంటే మన అద్దం ఎదుటివాళ్లే. ఆయన కాలంలో ఆ అద్దం ఇల్లు, వీధి, ఇరుగుపొరుగు. మనకో? మొహం తెలియని లక్ష మంది. పైగా ఈ అద్దం ఉన్నదున్నట్టు చూపించదు. జనం ఎక్కువసేపు చూసిన ముక్కనే ఇంకా ఎక్కువ మందికి చూపిస్తుంది. నాలో లెక్కలు చేసేవాడూ ఉన్నాడు, ఈతకొట్టేవాడూ ఉన్నాడు. వాళ్లని ఎవరూ చూడలేదు, మెల్లగా నేనూ మర్చిపోయా.

2021లో లైకుల లెక్క ఇతరులకి కనపడకుండా దాచే సెట్టింగ్ ఇచ్చింది ఇన్‌స్టా. ఆన్ చేశా. ఏం లాభం, నా లెక్క నాకు కనిపిస్తూనే ఉంటుందిగా!

పెద్దకర్మ అయ్యేదాకా రీల్ పెట్టలేదు. ‘బ్రో, ఆయ్ ఏదీ?’ అని మెసేజ్‌లు వచ్చాయి. ఇంకా జవాబివ్వలేదు.

మొన్న పక్కింటి తాతగారు పిలిస్తే ‘ఊఁ’ అన్నాను. లోపల్నుంచి అమ్మ విని, ‘పెద్దాయనకి ఊఁ కొడతావేంట్రా, ఆయ్ అనలేవా?’ అని కేకలేసింది. అందామని నోరు తెరిచి, ఎవరైనా వింటున్నారేమోనని ముందు వీధి వైపు చూశాను.