ఎండిన యేటిలో చేయవలసిన పని

నిండు నదులుగల సీమలో వంతెన విలువ ప్రతిదినము తెలియుచుండును. నీరులేని సీమలో నది వరద వచ్చిననాడు మాత్రమే తెలియును. కర్నూలు, కడప మండలములలో హంద్రీ, పాపాఘ్ని, చెయ్యేరు, సగిలేరు మొదలగునవి సంవత్సరమున నధికకాలము ఇసుక తిన్నెలై పడియుండును. కనుకనే వానిపైనున్న వంతెనలు ఎవ్వరికిని జ్ఞప్తికి రావు. కాని ఎగువ కొండలలో ఒక్క రాత్రి కుంభవృష్టి కురిసెనా, తెల్లవారునప్పటికి ఆ తిన్నెలే మహాప్రవాహములగును.

ఇది క్రొత్త యనుభవము కాదు. 1902 సెప్టెంబరులో కడప మండలమున మంగపట్నము చెంత వరదకు రైలు వంతెన కొట్టుకొనిపోగా, మెయిలు బండి యందు గూలి సుమారు 70 మంది మృతినొందిరి. 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములను ముంచివైచినది. అయిదు ద్వారములలో నొకటి తెరచుకొనలేదని కేంద్రమంత్రియే రాజ్యసభలో చెప్పియున్నారు. ఆ దినములలోనే కమలాపురము వద్ద పాపాఘ్ని వంతెన కొంతభాగము కూలి, కడప–తాడిపత్రి రాకపోకలు నిలిచిపోయినవి. వరదను మానవుడు ఆపలేడన్నమాట నిజమే. కాని ద్వారమును ముందుగా ఎత్తి దింపి చూచుటయు, వంతెన పునాదిని పరీక్షించుటయు దైవాధీనములు కావు గదా!

వంతెన యొక్కనాటిలో కూలదు. స్తంభముల మొదట సుడులు తిరుగు నీరు ప్రతి వరదకును కొంత ఇసుకను తోడుకొనిపోవును. పునాది క్రమముగా బయల్పడును. కానాలకు కంపచెట్లును చెత్తయును అడ్డుపడిన యెడల నీరు ఎగదన్ని వంతెనను త్రోయును. పైనున్న వాననీటి గొట్టములు పూడిపోయిన తేమ కాంక్రీటులోనికి దిగి ఇనుమును త్రుప్పుపట్టించును. త్రుప్పు ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. వీనికి తోడు బేతంచెర్ల నాపరాళ్లును, మంగంపేట ముగ్గురాయియు, యర్రగుంట్ల సిమెంటును మోయు లారీలు మితిమీరిన బరువుతో ఈ మార్గములనే పోవుచున్నవి. వంతెనలకు 500 మీటర్లలోపల ఇసుక త్రవ్వరాదని 2002 నాటి వాల్టా చట్టపు నియమములు శాసించుచున్నవి. ఆ నియమము కాగితముపై నిలిచి, ఇసుక బండ్లకెక్కినచో నష్టపోవునది పునాదియే.

రైల్వేవారి పద్ధతి చూడుడు. వారి ప్రతి వంతెనకును సంఖ్య కలదు. ఏటేట పరీక్ష జరిపి వ్రాయు పుస్తకము కలదు. నీరెంతవరకు వచ్చిన అపాయమో తెలుపు గీత స్తంభముపై కలదు. అమెరికాలో 1967లో సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోగా, వంతెనల నియతపరీక్షకు దేశమంతటికిని నియమములేర్పడినవి. మన దేశమున 2016 ఆగష్టులో మహారాష్ట్రలోని మహాడ్ వద్ద సావిత్రి నదిపై వంతెన కొట్టుకొనిపోయినది. జాతీయ రహదారుల వంతెనలను లెక్కించి వాని స్థితిని నమోదు చేయు ప్రయత్నమును కేంద్రప్రభుత్వము ఆ సంవత్సరముననే ప్రకటించినది. అట్టి శ్రద్ధయే మండల రహదారుల వంతెనలకును, గ్రామములను కలుపు చప్టాలకును కావలయును. బడికి పోవు బాలురును, ప్రసవవేదన పడు స్త్రీయు దాటవలసినవి ఈ చప్టాలే.

ధనము లేదందురు. క్రొత్త వంతెనకు ధనము దొరకుచున్నది. శంకుస్థాపన శిలయు, పూలమాలలును దొరకుచున్నవి. పాత వంతెన కానాలోని కంప కొట్టించినవానికి మాలవేయు వారెవ్వరు? ఏరు దాటి తెప్ప తగులబెట్టువారి నడవడికిని మన నడవడికిని భేదమెంత?

మన సీమకు కరవు చేసిన యుపకార మొకటి కలదు. నిరంతరము నీరుండు నదులలో పునాదిని చూడవలెనన్న నీటిలో మునుగువారు కావలయును. ఇచ్చట వేసవిలో ఇంజనీరు పాదరక్షలు తడియకుండ స్తంభము మొదటికి నడచిపోయి కన్నులార చూడవచ్చును. ఇంత సులభమైన పనిని మానుటకు కారణమేమి?

కావున ప్రతి వంతెనకును, చప్టాకును ఒక సంఖ్యయు, ఒక పుస్తకమును ఉండవలయును. వానలకు ముందొకసారి, వరద తీసిన పిమ్మట మరియొకసారి పరీక్ష జరుగవలయును. మోయదగిన బరువును, అపాయపు నీటిమట్టమును అచ్చటనే తెలుగున వ్రాయింపవలయును. పరీక్షాఫలితమును అధికారుల బీరువాలలో దాచక పంచాయతీ కార్యాలయమున అంటింపవలయును. ప్రజలు చదువుకొన్ననాడు అశ్రద్ధకు చోటు తగ్గును. ఈ పని రాబోవు వేసవిలోనే ఆరంభము కావలయునని ప్రతి గ్రామసభయు తీర్మానించి రోడ్లు, భవనముల శాఖవారికి పంపుగాక!