జీఆర్‌ఈ లెక్కలకు ట్యూటర్‌ను వెతికే ముందు

గత నెల ఒక ఆదివారం పొద్దున్న బరంపురంలోని మన సంఘం గదికి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయనకు బట్టల కొట్టు ఉంది. అమ్మాయి బీటెక్ ఆఖరి సంవత్సరం. అమెరికాలో ఎంఎస్ చదవాలని, దానికి జీఆర్‌ఈ రాయాలని చెప్పారు. "సెక్రటరీ గారూ, ఇంగ్లీషు ఎలాగో నెట్టుకొస్తుంది. లెక్కల దగ్గరే మార్కులు పోతున్నాయి. వైజాగ్‌లో ఒక కోచింగ్ వాళ్లు ఫీజంతా ముందే కట్టమంటున్నారు. కట్టేయమంటారా?" అని అడిగారు తండ్రి. మధ్యాహ్నం రైలుకే వెళ్దామని డబ్బు కూడా సంచిలో పెట్టుకుని వచ్చారు.

ఒక్క వారం ఆగమన్నాను. అలా అనడానికి నాకు కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట మా అబ్బాయి ఇదే పరీక్షకు సిద్ధమవుతుంటే నేనూ ఇలాగే ఒక కోచింగ్ సెంటరుకు మొత్తం ఫీజు ఒకేసారి కట్టేశాను. పీఎఫ్ నుంచి తీసిన డబ్బు అది. అక్కడ నెల రోజులపాటు భిన్నాలు, శాతాలు మొదటి నుంచీ చెప్పారు. మావాడికి వచ్చినవే మళ్లీ విన్నాడు. రానివి మొదలయ్యేసరికి కోర్సు గడువు అయిపోయింది. డబ్బు వెనక్కి అడిగితే రసీదు వెనకవైపు చిన్న అక్షరాలు చూపించారు. ముప్పై అయిదేళ్లు ఆఫీసులో కాగితాలు తిరగేసిన గుమాస్తాను, ఆ ఒక్క కాగితం మాత్రం తిప్పి చూడలేదు.

ఆ తప్పు మన ఇళ్లలో ఇంకొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను. బరంపురమే కాదు, బళ్లారి, హోసూరు, షోలాపూర్, యానాం, ఎక్కడున్న మనవాళ్లకైనా ఇది పనికొస్తుంది.

అసలు ఈ పరీక్ష అవసరమా?

ట్యూటర్ సంగతి తర్వాత. పిల్లలు దరఖాస్తు చేయబోయే యూనివర్సిటీలు జీఆర్‌ఈ అడుగుతున్నాయో లేదో ముందు చూడండి. కోవిడ్ కాలం నుంచి చాలా చోట్ల ఈ స్కోరు తప్పనిసరి కాదన్నారు. కొన్ని చోట్ల మళ్లీ అడుగుతున్నారు. ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటు అడిగితే, పక్క డిపార్ట్‌మెంటు అడగకపోవచ్చు. అందుకని డిపార్ట్‌మెంటు వెబ్‌సైట్‌లోనే చూసి ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: తప్పనిసరి, ఇష్టమైతే పంపవచ్చు, అక్కర్లేదు. అన్నీ మూడో గడిలోనే పడితే ఇక ట్యూటర్‌తో పనే లేదు. ఈ మాట ఏ కోచింగ్ సెంటరూ మీకు చెప్పదు.

లెక్కల భాగంలో ఏముంటుంది?

జీఆర్‌ఈని నడిపేది ఈటీఎస్ అనే సంస్థ. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్షను బాగా కుదించారు. అంతకు ముందు దాదాపు నాలుగు గంటలు పట్టేది, ఇప్పుడు 1 గంట 58 నిమిషాలే. లెక్కల్లో రెండు సెక్షన్లు ఉంటాయి. మొదటిదానిలో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండోదానిలో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. మొత్తం 27 ప్రశ్నలు, 47 నిమిషాలు. అంటే ప్రశ్నకు సుమారు నిమిషం ముప్పావు. మార్కులు 130 నుంచి 170 మధ్య ఇస్తారు. తప్పు రాస్తే మార్కులు కోయరు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

మొదటి సెక్షన్ ఎలా చేశారన్న దాన్ని బట్టి రెండో సెక్షన్ తేలికగా వస్తుందా, కష్టంగా వస్తుందా అన్నది ఉంటుంది. పై స్కోర్లు కావాలంటే మొదటి సెక్షన్‌లో నిర్లక్ష్యంగా తప్పులు చేయకూడదు.

ఇక సిలబస్. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, డేటా విశ్లేషణ, ఈ నాలుగే. త్రికోణమితి లేదు, కాలిక్యులస్ లేదు. చాలావరకు పదో తరగతి దాకా చదివిన లెక్కలే, వాటికి తోడు సంభావ్యత, సగటు, గ్రాఫులు. స్క్రీన్ మీద కాలిక్యులేటర్ కూడా ఇస్తారు.

మరి బీటెక్ చదివిన పిల్లలకు మార్కులు ఎందుకు పోతున్నాయి?

చదవడంలో జారిపోయే మార్కులు

ఒక చిన్న లెక్క చూడండి. బరంపురం పట్టుచీర ధర 5,000 రూపాయలు. పండక్కి 20 శాతం పెంచారు. పండగ వెళ్లాక 20 శాతం తగ్గించారు. ఇప్పుడు ధరెంత? తొందరలో ఎవరైనా 5,000 అనే అంటారు. పెరిగాక 6,000. అందులో 20 శాతం అంటే 1,200. కాబట్టి జవాబు 4,800. బట్టల కొట్టు ఆయన వెంటనే చెప్పారు, బీటెక్ అమ్మాయి తడబడింది. ఆమెకు శాతాలు రాక కాదు. ఆ రెండో 20 శాతం దేని మీద లెక్కగట్టాలో ఆగి చూసుకోలేదు.

ఇంకొకటి. ఈ పరీక్షలో రెండు విలువలిచ్చి ఏది పెద్దదో చెప్పమనే ప్రశ్నలు ఉంటాయి. జవాబులు ఎప్పుడూ నాలుగే: మొదటిది పెద్దది, రెండోది పెద్దది, రెండూ సమానం, ఇచ్చిన సమాచారంతో చెప్పలేం. ఎక్స్ సున్నా కంటే పెద్దది అని చెప్పి, ఎక్స్ వర్గం పెద్దదా, ఎక్స్ పెద్దదా అని అడిగారనుకుందాం. మన పిల్లలు 2, 3 వేసి చూసి వర్గమే పెద్దదంటారు. ఎక్స్ అర అయితే? వర్గం పావే, అంటే చిన్నది. ఎక్స్ 1 అయితే రెండూ సమానం. కాబట్టి సరైన జవాబు "చెప్పలేం". ప్రశ్నలో పూర్ణసంఖ్య అన్నాడా, ఉత్త సంఖ్య అన్నాడా అన్న ఒక్క మాటలో మార్కు ఉంది.

ఇది మన పిల్లలకు ఇంకాస్త ఇబ్బంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా కన్నడం, తమిళం, మరాఠీ. కాలేజీకి వచ్చాక ఇంగ్లీషు. "ఎట్ లీస్ట్" అంటే కనీసం అని, "ఎట్ మోస్ట్" అంటే అంతకు మించకుండా అని తెలుసు. కానీ గడియారం నడుస్తుంటే ఆ మాట కంటికి ఆనదు. మూడు నాణేలు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే అవకాశం ఎంత అని అడిగితే, ఒక్కటే బొమ్మ పడే అవకాశం లెక్కకట్టి 3/8 అని రాసేస్తారు. కనీసం ఒకటి అంటే ఒకటి గానీ, రెండు గానీ, మూడు గానీ. అసలు ఒక్కటీ పడని అవకాశం 1/8. దాన్ని 1 లోంచి తీసేస్తే జవాబు 7/8.

ముందు ఉచిత పరీక్ష, తర్వాత తప్పుల రిజిస్టరు

ఈటీఎస్ వెబ్‌సైట్‌లో పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి మాదిరి పరీక్షలు ఉచితంగా ఉన్నాయి. పేరు నమోదు చేసుకుంటే చాలు. లెక్కల పునశ్చరణ పుస్తకం కూడా అక్కడే ఉచితంగా దొరుకుతుంది. ఒక పరీక్షను ఇప్పుడే రాయించండి. రెండోది అసలు పరీక్షకు రెండు వారాల ముందుకు దాచుకోండి.

ఆ అమ్మాయి మన సంఘం గదిలోనే, ఫోను పక్కన పెట్టి, సమయం ప్రకారం మొదటిది రాసింది. లెక్కల్లో పది తప్పులు వచ్చాయి. నేను ఆఫీసు అలవాటు కొద్దీ ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసిచ్చాను. ప్రశ్న నంబరు, నేను చేసింది, తప్పు ఎందుకు వచ్చింది, సరైన దారి. మూడో గడిలో నాలుగు మాటల్లో ఒకటే రాయాలి: విషయం రాదు, ప్రశ్న సరిగా చదవలేదు, కూడికలో తప్పు, సమయం చాలలేదు.

పదింటిలో అయిదు "చదవలేదు", మూడు "సమయం". "విషయం రాదు" అన్నవి రెండే. ఆ రెండూ సంభావ్యత లెక్కలు.

తండ్రి ఆ కాగితం చాలాసేపు చూశారు. "అయితే మొత్తం లెక్కలన్నీ మళ్లీ చెప్పించుకోవడానికా నేను డబ్బు తెచ్చింది?" అన్నారు. ఆ వారం ఆగినందుకు దక్కిన లాభం అదే. ఏ జబ్బో తెలియకుండా మందు కొనకూడదు.

ట్యూటర్ ఎక్కడ దొరుకుతారు?

తప్పులు ఎక్కువగా "విషయం రాదు" గడిలో పడితే వరుసగా పాఠం చెప్పే కోచింగ్ మంచిదే. "చదవలేదు", "సమయం" గళ్లలో పడితే మాత్రం పక్కన కూర్చుని గమనించే మనిషి కావాలి. యాభై మంది ఉన్న క్లాసులో ఆ పని జరగదు.

అలాంటివాళ్లు మన మధ్యే ఉంటారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టార్లు, టీచరమ్మలు. ఈ మధ్యే పరీక్ష రాసి సీటు వచ్చిన మన పిల్లలు. బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పేవాళ్లు. యానాం వారికి కాకినాడ, హోసూరు వారికి బెంగళూరు దగ్గరే. మిగిలినవారు హైదరాబాదు, విశాఖల నుంచి తెలుగులో ఆన్‌లైన్‌లో చెప్పేవారిని చూసుకోవచ్చు. తప్పు ఎక్కడ జరిగిందో మాతృభాషలో మాట్లాడుకుంటే త్వరగా బయటపడుతుంది. సాధన మాత్రం ఇంగ్లీషు ప్రశ్నలతోనే జరగాలి.

మాట ఇచ్చే ముందు నాలుగు పరీక్షలు

ఒకటి, ఇప్పుడు లెక్కల్లో ఎన్ని ప్రశ్నలు అని అడగండి. 40 అన్నారంటే వారి దగ్గరున్నది 2023కు ముందు సరుకు. రిటైరైన మాస్టారికి ఇది తెలియకపోవచ్చు, అది తప్పు కాదు. చెబితే "చూసుకుంటాను" అంటారా, కొట్టిపారేస్తారా అన్నది గమనించండి.

రెండు, ఒక నమూనా క్లాసు అడగండి. దానికి డబ్బిచ్చినా పర్వాలేదు. తప్పుల రిజిస్టరు ముందు పెట్టండి. వెంటనే తన పద్ధతిలో లెక్క చేసి చూపిస్తే ఆయనకు లెక్కలు వచ్చని తెలుస్తుంది, అంతే. "నువ్వెలా చేశావమ్మా, చెప్పు" అని ముందు వినేవారు దొరికితే వదలకండి.

మూడు, ఒకే లెక్కను రెండు దారుల్లో చెప్పమనండి. నిమిషం ముప్పావులో తేలే దారి ఏదో చెప్పగలగాలి.

నాలుగు, 170 గ్యారంటీ అన్నవారికి దండం పెట్టి లేచి రండి. అసలు ప్రశ్నలు ముందే ఇస్తామనేవారు, ఇంటి నుంచి రాసే పరీక్షలో పక్కనుండి సాయం చేస్తామనేవారు ఇంకా ప్రమాదం. పట్టుబడితే స్కోరు రద్దవుతుంది. పోయేది పిల్లల భవిష్యత్తు.

డబ్బు, కాగితం

నాలుగేసి క్లాసులకు ఒకసారి ఫీజు ఇచ్చేలా మాట్లాడుకోండి. ఎన్ని క్లాసులు, ఒక్కోటి ఎంతసేపు, మానేస్తే ఎంత వెనక్కి వస్తుంది, ఇవి కాగితం మీద రాయించుకోండి. మాస్టారు మనకు ఎంత దగ్గరివారైనా సరే. రసీదు రెండు వైపులా చదవండి. మాస్టారు మొహమాటపడి ఫీజు చెప్పకపోతే మీరే అడిగి ఇవ్వండి. ఉచితంగా చెప్పించుకున్న చదువు నాలుగో వారానికి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ట్యూటర్ వారానికి రెండు రోజులు చాలు. మిగతా రోజుల్లో గంటసేపు సొంత సాధన, రిజిస్టరు నింపడం. అలా ఎనిమిది వారాలు. అనుకున్న స్కోరు రాకపోతే 21 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు, ఏడాదిలో అయిదుసార్ల వరకు. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. కానీ ప్రతిసారీ ఫీజు పూర్తిగా కట్టాలి, అది చిన్న మొత్తం కాదు.

దరఖాస్తులో పేరు గుర్తింపు పత్రంలో ఉన్నట్టే ఉండాలి. మన ఇళ్లలో ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకో కాగితంలో వెనక, మరో దాంట్లో ఉత్త పొడి అక్షరం. ఫీజు కట్టే ముందే సరిచూసుకోండి.

ఆ అమ్మాయి ఇప్పుడు మా వీధి చివర ఉండే రిటైర్డు లెక్కల మాస్టారి దగ్గరికి బుధ, శనివారాలు వెళ్తోంది. ఆయన కొత్త పద్ధతి ప్రశ్నలు ఆమె దగ్గరే చూసి నేర్చుకున్నారు. పరీక్ష ఇంకా రాయలేదు కాబట్టి మార్కులెన్నో ఇప్పుడు చెప్పలేను. గత శనివారం రిజిస్టరు తెచ్చి చూపించింది. "చదవలేదు" అన్న మాట ఆ వారం రెండుసార్లే ఉంది.

రిజిస్టరు గళ్లు ఎలా గీయాలో చూడాలనుకునేవారు ఆదివారం పొద్దున్న సంఘం గదికి రండి. గదిలో కంప్యూటరుంది, ఉచిత పరీక్ష అక్కడే రాయవచ్చు. లెక్కలు చెప్పగల పెద్దలు మీ ఊళ్లో ఉంటే మీ సంఘం సెక్రటరీకి పేరు ఇవ్వండి. ఊరూరా అలాంటి జాబితా ఒకటి ఉంటే మన పిల్లలు డబ్బు సంచీతో రైలెక్కే పని తగ్గుతుంది.