రెండు చానెళ్ల పాట ఐదు స్పీకర్లలో ఎలా మోగుతుంది?

హోమ్ థియేటర్ రిసీవర్‌లో స్టీరియో, డాల్బీ, హాల్ అంటూ బోలెడు మోడ్‌లుంటాయి. వాటిలో ఏది మంచిదో తేల్చే ముందు అసలు రికార్డింగులో ఎన్ని చానెళ్లున్నాయో చూడాలి. 5.1 సినిమాలో ముందు మూడు, పక్కన రెండు, గంభీరమైన శబ్దాలకు సబ్‌వూఫర్ ఒకటి, దేని శబ్దం దానికి విడిగానే ఉంటుంది. రిసీవర్ వాటిని పంచిపెడుతుంది, అంతే. స్టీరియో పాటలో ఉన్నవి ఎడమ, కుడి రెండే. అయినా డాల్బీ ప్రో లాజిక్ 2 మోడ్ పెడితే ఐదు స్పీకర్లూ మోగుతాయి. లేని శబ్దాన్ని పుట్టిస్తోందా? కాదు, రెండు చానెళ్లనూ పోల్చి చూస్తోంది. గాయకుడి గొంతు సాధారణంగా రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి దాన్ని మధ్య స్పీకరుకు పంపుతుంది. ఎడమలోంచి కుడిని తీసేస్తే ఆ గొంతు చాలావరకు రద్దయి, ప్రతిధ్వనులు, ఒక్కో పక్కకే చేరిన వాద్యాలు మిగులుతాయి. పక్క స్పీకర్లకు వెళ్లేది ముఖ్యంగా అదే.

ఇదంతా యంత్రం ఊహే కదా అని మీరు అడగవచ్చు. మామూలు స్టీరియో పాట విషయంలో అది నిజమే. కానీ 1977 నాటి స్టార్ వార్స్ లాంటి డాల్బీ స్టీరియో సినిమాల్లో నాలుగు చానెళ్లను కావాలనే రెండు ట్రాకుల్లో ఇమిడ్చారు. అక్కడ ఈ మోడ్ చేసేది దాచినదాన్ని తిరిగి విప్పడం. హాల్ మోడ్ సంగతి వేరు: రికార్డింగులో లేని ప్రతిధ్వనిని, అదే శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించి, అది అదనంగా కలుపుతుంది. అన్ని స్పీకర్లూ మోగితేనే సరౌండ్ అనుకోవడం పొరపాటు. అన్నిట్లోనూ ఒకే శబ్దం వస్తే, అది ఏ దిక్కునుంచి వస్తోందో చెవికి తెలియదు. ఒకే పాటను స్టీరియోలోనూ ప్రో లాజిక్‌లోనూ పెట్టి, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో మీరే విని చూడండి.