టస్కనీ: కాలినడకన చూడాల్సిన ద్రాక్షసీమ

కొండ కొమ్మున ఒక ఊరు, దాని కింద ద్రాక్షతోట, ఆవల మరో కొండ, మరో ఊరు. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య నడిచేవాళ్లకు పొద్దస్తమానం కనిపించేది ఇదే. ఆ దారి విశేషాలు కొన్ని.

* 990 ప్రాంతంలో ఇంగ్లండులోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ రోమ్ వెళ్లి తిరిగొస్తూ, మజిలీ చేసిన చోట్లన్నీ రాయించి పెట్టాడు. మొత్తం 79. నేడు యాత్రికులు నడిచే ‘వియా ఫ్రాంచిజెనా’ బాటకు ఆ జాబితాయే ఆధారం. అందులో 19వ మజిలీ శాన్ జిమిన్యానో.

* ఆ ఊళ్లో ఒకప్పుడు 72 రాతి బురుజులు ఉండేవంటారు. యాత్రికుల రాకపోకలతో, కుంకుమపువ్వు వ్యాపారంతో డబ్బు చేసిన కుటుంబాలు గొప్ప చాటుకోవడానికి పోటీపడి కట్టుకున్నవి. పోటీ ఎంత ముదిరిందంటే, ఊరి పాలకమండలి బురుజును మించి ఎవరూ కట్టరాదని శాసనం చెయ్యాల్సొచ్చింది. 1348లో ప్లేగు ఊరిని ఊడ్చేసింది. అయిదేళ్లకు ఫ్లోరెన్స్ ఏలుబడిలోకి పోయింది. పాతవి పడగొట్టి కొత్తగా కట్టుకునే స్తోమత లేకపోవడం వల్లే పద్నాలుగో పదిహేనో బురుజులు మనకు దక్కాయి. ఆ పేదరికానికి మనం రుణపడి ఉన్నాం.

* శాన్ జిమిన్యానో తెల్ల వైన్ పేరు వెర్నాచా. పుట్టిన ప్రాంతాన్ని బట్టి వైన్‌కు గుర్తింపునిచ్చే డీవోసీ ముద్ర ఇటలీలో మొదట, 1966లో, దక్కింది దీనికే.

* ఫ్లోరెన్స్, సియెనాల నడుమ కొండసీమ చియాంటీ. అక్కడి ఎర్ర వైన్ చియాంటీ క్లాసికో సీసాల మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటుంది. దాని కథ ఇదీ. ఫ్లోరెన్స్, సియెనాల సరిహద్దు తగాదా ఎంతకీ తెగలేదట. కోడి కూయగానే రెండు వైపులా ఒక్కో రౌతు బయల్దేరాలి, ఇద్దరూ ఎదురుపడిన చోటే పొలిమేర అనుకున్నారు. సియెనావాళ్లు తమ తెల్ల పుంజును బాగా మేపారు. ఫ్లోరెన్స్‌వాళ్లు నల్ల పుంజును పస్తు పెట్టారు. అది ఆకలికి తెల్లారకముందే కూసింది. ఇద్దరూ కలుసుకునేసరికి సియెనా 12 కిలోమీటర్ల దూరంలోనే ఉంది! కథ మాట ఎలా ఉన్నా, నల్ల పుంజు మధ్యయుగపు చియాంటీ కూటమి చిహ్నమన్నది మాత్రం చరిత్రే.

* మోంతెరిజ్జోని కోటను 1213-19 మధ్య సియెనా కట్టించింది. గుండ్రటి ప్రాకారం, 14 బురుజులు. ఇటలీ మహాకవి డాంటే తన ‘డివైన్ కామెడీ’ కావ్యంలో నరకపు రాక్షసకాయులను ఈ బురుజులతోనే పోల్చాడు.

* ఊళ్లో కాకుండా పొలాల నడుమ విడివిడిగా రాతి ఇళ్లు కనిపిస్తాయి. శతాబ్దాలపాటు ఇక్కడ సేద్యం సగపాలుకే. భూమి, ఇల్లు ఆసామివి, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరిసగం. అందుకే కాపురం చేను దగ్గరే. 1964 చట్టం కొత్త సగపాలు ఒప్పందాలను ఆపేసింది. అప్పటికే రైతులు పట్నాల బాట పట్టి, ఇళ్లెన్నో పాడుబడ్డాయి. వాటిలో చాలా నేడు అతిథులకు బస ఇచ్చే ‘అగ్రిటూరిజ్మో’లు. అక్కడ రాత్రి గడిపేవాళ్లు ఆ తరాల చాకిరీని ఒక్కసారైనా తలచుకోవాలి.

* టస్కనీ రొట్టెలో ఉప్పు వెయ్యరు. గొర్రెపాల జున్ను పెకొరీనోతో తింటే ఆ లోటు తెలియదు.

వెళ్లాలనుకునేవారు ఏప్రిల్-మే గానీ, ద్రాక్షకోతల సెప్టెంబరు గానీ ఎంచుకోండి. శాన్ జిమిన్యానో నుంచి మోంతెరిజ్జోనికి సుమారు 30 కిలోమీటర్లు. ఒక్కరోజులో పూర్తిచేయాలని పరుగులు పెట్టకుండా మధ్యలో కొల్లె దీ వాల్ దెల్సాలో ఒక రాత్రి ఆగండి.